మిలిటరీ ల్యాబ్‌తో కలుపుతామంటున్న సంస్థ: ఎంతవరకు నమ్మొచ్చు?

మీ ప్రశ్నని నాకు అర్థమైనట్టు ఓసారి చెప్పుకుంటాను. మీరు అమెరికాలో ఒక యూనివర్సిటీలో రీసెర్చ్ ప్రొఫెసర్. ఎక్కువ వేడిలో పనిచేసే సెన్సర్ మీద మీ గ్రూప్ పని చేస్తోంది, దాని ఆధారంగా స్నేహితుడితో కలిసి ఐదుగురి కంపెనీ కూడా పెట్టారు. ఒక కాన్ఫరెన్సులో కలిసిన లాభాపేక్షలేని సంస్థవాళ్లు "ఎయిర్‌ఫోర్స్ ల్యాబ్ సైంటిస్టులతో మిమ్మల్ని కలుపుతాం, మాకేమీ ఇవ్వక్కర్లేదు" అన్నారు. ఊరికే ఎందుకు చేస్తున్నారు, ఐడియా బయటికి పోతుందా, చివరికి డబ్బు వస్తుందా అన్నవి మీ మూడు అనుమానాలు.

నేను యూనివర్సిటీ టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసులో, అంటే యూనివర్సిటీ పరిశోధనకి పేటెంట్లు వేయించి కంపెనీలకి లైసెన్స్ ఇచ్చే చోట, పదహారేళ్లు పనిచేశాను. తర్వాత నాలుగేళ్లు సరిగ్గా ఇలాంటి మధ్యవర్తి సంస్థలోనే ఉన్నాను. బల్లకి రెండు వైపులా కూర్చున్నవాడిగా చెబుతున్నాను: వెళ్లండి. వాళ్లు మీ ఐడియాని ఎత్తుకుపోరు. మనుషులతో కలుపుతారు, బాగానే కలుపుతారు. కానీ వాళ్ల చేతిలో కొనుగోలు డబ్బు ఉండదు. ఈ చివరి ముక్క అర్థంకాకే చాలామంది ఏడాది, ఏడాదిన్నర పోగొట్టుకుంటారు.

ముందు "ఊరికే ఎందుకు" అన్నదానికి. ఊరికేమీ కాదు, వాళ్ల జీతాలు ల్యాబ్ ఇస్తుంది. అమెరికా ఫెడరల్ ల్యాబులు తమ పరిశోధనని బయటికి పంపాలని 1980లో స్టీవెన్సన్-వైడ్లర్ చట్టం వచ్చింది. కానీ కంచె లోపల కూర్చున్న సైంటిస్టుకి బయటున్న చిన్న కంపెనీ ఎక్కడుందో తెలియదు, వెతకడం అతని పనీ కాదు. దాంతో 1990లో డిఫెన్స్ ఆథరైజేషన్ చట్టం ద్వారా "పార్ట్‌నర్‌షిప్ ఇంటర్మీడియరీ" అనే ఏర్పాటు చేర్చారు. ల్యాబ్ డైరెక్టర్ ఒక మధ్యవర్తి సంస్థతో ఒప్పందం రాసుకోవచ్చు, చిన్న కంపెనీలతో, యూనివర్సిటీలతో ల్యాబ్ కలిసి పనిచేసే అవకాశాలు పెంచే సేవలకి డబ్బు ఇవ్వొచ్చు. ఈ ఒప్పందాన్నే అందరూ పీఐఏ అంటారు. అంటే మీరు ఆ సంస్థకి కస్టమర్ కాదు, ల్యాబ్ కస్టమర్. పెళ్లిళ్ల పేరయ్యకి మగపెళ్లివారు ముందే డబ్బు ఇచ్చి పంపారనుకోండి, మీ ఇంటికొచ్చి కాఫీ కూడా వద్దంటాడు. అందులో మోసమేమీ లేదు గానీ, ఎవరి తరఫున వచ్చాడో మనకి గుర్తుండాలి.

చట్టంలో ఇంకో మెలిక ఉంది. ఎవరు పడితే వాళ్లు ఇలాంటి మధ్యవర్తి కాలేరు. అది రాష్ట్ర లేదా స్థానిక ప్రభుత్వ ఏజెన్సీ అయినా అవ్వాలి, లేదా ఆ ప్రభుత్వం పెట్టిన, నిధులిచ్చిన, లేదా దాని తరఫున నడిచే లాభాపేక్షలేని సంస్థ అయినా అవ్వాలి. పూర్తి ప్రైవేటు కన్సల్టెన్సీకి ఈ హోదా దొరకదు. రాష్ట్రాన్ని మధ్యలోకి ఎందుకు లాగారో తెలియాలంటే న్యూయార్క్ రాష్ట్రంలో రోమ్ అనే ఊరిని చూడాలి. అక్కడి గ్రిఫిస్ ఎయిర్‌ఫోర్స్ బేస్‌ని 1995లో మూసేశారు. విమానాలు, వాటితో వచ్చిన ఉద్యోగాలు పోయాయి. మిగిలినవాటిలో ముఖ్యమైనది ల్యాబ్. ఇప్పుడు అది ఎయిర్‌ఫోర్స్ రీసెర్చ్ ల్యాబ్‌లో ఇన్ఫర్మేషన్ విభాగం. ఆ ల్యాబ్ కూడా కదిలిపోతే ఊరి పరిస్థితి ఏమిటన్న భయం అక్కడివాళ్లకి ఉండటం సహజం. అక్కడే గ్రిఫిస్ ఇన్‌స్టిట్యూట్ అనే మధ్యవర్తి సంస్థ పుట్టింది. ల్యాబ్ చుట్టూ కంపెనీలూ యూనివర్సిటీలూ అల్లుకుంటే దాన్ని కదపడం కష్టమవుతుంది. ఒహాయోలో డేటన్ దగ్గర రైట్-ప్యాటర్సన్ బేస్ పక్కన రైట్ బ్రదర్స్ ఇన్‌స్టిట్యూట్, ఫ్లోరిడాలో ఎగ్లిన్ బేస్ దగ్గర డూలిటిల్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఈ కోవలోవే. కాన్ఫరెన్సులో మీతో మాట్లాడిన మనిషి వెనక ల్యాబ్ అవసరం ఒకటి, స్థానిక ఉద్యోగాల ఆశ ఒకటి, రెండూ ఉంటాయి. మీ కంపెనీని ఆ ఊరికి మార్చే ఆలోచన ఏమైనా ఉందా అని ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు, ఆశ్చర్యపోకండి.

పేర్ల విషయంలో జాగ్రత్త. చివర "వర్క్స్" అని ఉన్నవన్నీ ఒక జాతివి కావు. టాంపాలో 2015లో మొదలైన సాఫ్‌వర్క్స్ స్పెషల్ ఆపరేషన్స్ కమాండ్ కోసం పీఐఏ కింద నడిచే బయటి సంస్థ. ఏఎఫ్‌వర్క్స్ ఎయిర్‌ఫోర్స్‌లోనే భాగం. సిలికాన్ వ్యాలీలో 2015లో తెరిచిన డీఐయూ (డిఫెన్స్ ఇన్నోవేషన్ యూనిట్) రక్షణశాఖ సొంత విభాగం, దానికి ఒప్పందం రాసి డబ్బిచ్చే అధికారం ఉంది. బయటి సంస్థ మనిషికి కాంట్రాక్టు మీద సంతకం పెట్టే అధికారం లేదు. విజిటింగ్ కార్డు చూసి ఇది తేల్చుకోలేరు, నోరు తెరిచి అడగాలి.

ఇక వాళ్లు నిజంగా బాగా చేసే పని. వాళ్ల భవనం దాదాపు ఎప్పుడూ బేస్ గేటుకి బయట ఉంటుంది. లోపలికి వెళ్లాలంటే విజిట్ రిక్వెస్ట్, ఐడీ, ఎస్కార్ట్. మనదేశపు పాస్‌పోర్టుతో ఉన్నవాళ్లయితే వారాల ముందే కాగితాలు పంపాలి. బయట భవనంలో ఇవేవీ లేవు, సైంటిస్టే కారేసుకుని వస్తాడు. నేను చూసిన ఒక వర్క్‌షాపు చెబుతాను. ఇరవైమంది, గోడ నిండా పసుపు చీటీలు. ల్యాబ్ తరఫున వచ్చిన ఇంజనీరు ముందు స్లైడుల్లో ఉన్నదే చదివాడు, "ప్రతికూల వాతావరణాల్లో ఉపరితల మన్నిక" లాంటి మాటలు. ఎవరికీ ఏమీ అందలేదు. మధ్యవర్తి సంస్థలో రిటైర్డ్ మెకానిక్ ఒకాయన ఉండేవారు. ఆయన లేచి "అసలు ఏది పాడైతే మీరు ఆదివారం కూడా పనికి రావాల్సి వస్తుంది?" అని అడిగారు. ఇంజనీరు నవ్వి, ఫోన్ తీసి ఫొటో చూపించాడు: ఇసుక దెబ్బకి గరుకు తేలి పాలగాజులా అయిపోయిన సెన్సర్ కిటికీ. వెనక బెంచీలో పురుగుమందు స్ప్రేయర్ల నాజిళ్లకి పూత వేసే కంపెనీ ఆవిడ కూర్చుంది. "మా నాజిల్ రంధ్రం కూడా ఇలాగే అరుగుతుంది" అంది. ఆ తర్వాత గంటన్నర వాళ్లిద్దరే మాట్లాడుకున్నారు. డిఫెన్స్ టెండర్ల వెబ్‌సైట్ ఆవిడ జన్మలో తెరిచి ఉండదు. ఆ ఇంజనీరుకి వ్యవసాయ పరికరాల కంపెనీని వెతకాలన్న ఊహ వచ్చేది కాదు. మధ్యవర్తికి ఇచ్చే డబ్బు గిట్టుబాటయ్యేది ఇలాంటి చోటే.

మీ విషయంలో కూడా వాళ్లని ఇలాగే వాడుకోండి. "మా సెన్సర్ గొప్పది, ఎవరికైనా చూపించండి" అంటే మీ పేరు ఇంకో న్యూస్‌లెటర్‌లోకి ఎక్కుతుంది, అంతే. "ఇంత వేడి దగ్గర ఇన్ని గంటలు నిలబడింది, ఇక్కడ మాత్రం పగిలింది, టర్బైన్ టెస్టింగ్ చేసేవాళ్లలో ఎవరికి ఈ కొలత కావాలి?" అని అడగండి. ఎక్కడ ఫెయిలైందో కూడా చెప్పడం ముఖ్యం, ల్యాబ్ సైంటిస్టుకి దానిమీదే ఎక్కువ ఆసక్తి.

ఇప్పుడు డబ్బు. రక్షణశాఖ పరిశోధన బడ్జెట్‌కి నంబర్లుంటాయి: 6.1 మౌలిక పరిశోధన, 6.2 అనువర్తిత పరిశోధన, 6.3 అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ డెవలప్‌మెంట్, 6.4 నుంచి ప్రోటోటైపుల వైపు. ల్యాబ్ సైంటిస్టు చేతిలో ఉండేది ప్రధానంగా మొదటి మూడింటిలోని సొమ్ము. తయారైన వస్తువుని వందల్లో కొనే డబ్బు ఇంకో చోట, ప్రోగ్రామ్ ఆఫీసు దగ్గర ఉంటుంది. ఆ ఆఫీసు వేరే రాష్ట్రంలో ఉండొచ్చు, దాని బాస్ వేరు, బడ్జెట్ కోరిక రెండేళ్ల ముందే కాగితం మీదికి ఎక్కి ఉండాలి. మధ్యవర్తి సంస్థ మిమ్మల్ని కలిపేది ల్యాబ్‌తోనే. సైంటిస్టుకి మీ పని నచ్చి, మీరు మంచి డేటా చూపించి, అందరూ చప్పట్లు కొట్టాక కూడా కొనేవాడు కనపడని ఖాళీ ఒకటి ఉంటుంది. దాన్నే "వ్యాలీ ఆఫ్ డెత్" అంటారు. మధ్యవర్తులు ఆ లోయకి ఇవతలి గట్టుమీద ఉంటారు. వంతెన కూడా మేమే కడతామని ఎవరైనా అంటే నేను నమ్మను, నేనే అక్కడ పనిచేసినవాణ్ణి కాబట్టి.

ఒక చేదు అనుభవం. నాకు బాగా తెలిసిన ముగ్గురి కంపెనీ ఒక మధ్యవర్తితో తొమ్మిది నెలలు నెలకో కాల్ మాట్లాడింది. ప్రతి కాల్‌లోనూ "చాలా ఆసక్తిగా ఉన్నారు, వచ్చే నెల మళ్లీ మాట్లాడదాం". అక్టోబర్ ఒకటో తారీఖున కొత్త ఫెడరల్ ఆర్థిక సంవత్సరం మొదలైంది. ఆ మధ్యవర్తికి ఆ పని కింద వచ్చే నిధులు సెప్టెంబర్ ముప్ఫైతో అయిపోయాయి, కాల్స్ చేసే మనిషి ఇంకో ఉద్యోగానికి వెళ్లిపోయాడు. అప్పుడు తెలిసిందేమిటంటే, ఆ తొమ్మిది నెలల్లో కంపెనీవాళ్లు ల్యాబ్ సైంటిస్టుతో నేరుగా ఒక్క మెయిల్ కూడా రాసుకోలేదు. పేరే తెలియదు. మధ్యవర్తి రిపోర్టులో మాత్రం అవి తొమ్మిది "ఎంగేజ్‌మెంట్లు"గా లెక్కకొచ్చి ఉంటాయి. ఎవరిదీ దురుద్దేశం కాదు. వాళ్ల పనిని కొలిచే తీరే అంత: ఎన్ని మీటింగులు, ఎన్ని కంపెనీలు, ఎన్ని ఒప్పందాలు. కాబట్టి రెండో మీటింగు కల్లా సైంటిస్టు పేరు, మెయిల్ మీ చేతికి రావాలి. మూడో దానికి మధ్యవర్తి లేకపోయినా సంభాషణ నడవాలి. రాకపోతే మర్యాదగా ఆపేయండి.

సైంటిస్టు దొరికాక మొదటి కాగితం బహుశా క్రాడా అవుతుంది. కోఆపరేటివ్ రీసెర్చ్ అండ్ డెవలప్‌మెంట్ అగ్రిమెంట్, 1986 చట్టంతో వచ్చింది. ఇందులో కొత్తవాళ్లు పొరబడేది ఒక్కచోటే. క్రాడా కింద ల్యాబ్ మనుషుల్ని, యంత్రాల్ని, టెస్ట్ రిగ్గుల్ని, స్థలాన్ని ఇవ్వగలదు, డబ్బు మాత్రం ఇవ్వకూడదు. మీ వైపు నుంచి ల్యాబ్‌కి డబ్బు వెళ్లొచ్చు గానీ అటునుంచి ఇటు రాదు. అయినా నేను దీన్ని తక్కువ చేయను. మీ సెన్సర్‌ని నిజమైన హాట్ రిగ్‌లో పెట్టి పరీక్షించాలంటే బయట ఎంత ఖర్చవుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. పైగా క్రాడా పనిలో ల్యాబ్ ఉద్యోగి ఏదైనా కనిపెడితే, ముందుగా రాసుకున్న రంగంలో ప్రత్యేక లైసెన్స్ తీసుకునే అవకాశం మీకు ఇవ్వాలని చట్టమే చెబుతుంది. ప్రభుత్వం తన సొంత అవసరానికి వాడుకునే హక్కు ఎలాగూ అట్టిపెట్టుకుంటుంది. ఆ పనిలో పుట్టిన డేటాని అయిదేళ్ల దాకా సమాచార హక్కు దరఖాస్తుల నుంచి కాపాడే వీలు కూడా ఉంది. అది దానంతట అదే రాదు, ఒప్పందంలో రాయించుకోవాలి.

డబ్బు కావాలంటే దారి ఎస్‌బీఐఆర్, ఎస్‌టీటీఆర్, చిన్న కంపెనీల పరిశోధనకి ఫెడరల్ ప్రభుత్వం డబ్బిచ్చే పథకాలు. మొదటిది 1982లో, రెండోది 1992లో మొదలయ్యాయి. మీ పరిస్థితికి, అంటే ఒక కాలు యూనివర్సిటీలో ఒక కాలు కంపెనీలో ఉన్నవాళ్లకి, ఎస్‌టీటీఆర్ సరిపోతుంది. అందులో కంపెనీ కనీసం 40 శాతం, పరిశోధన సంస్థ కనీసం 30 శాతం పని చేయాలి, ప్రాజెక్టు ముఖ్య పరిశోధకుడు యూనివర్సిటీ ఉద్యోగి అయినా ఫరవాలేదు. ఎస్‌బీఐఆర్‌లో అయితే ఆ మనిషి సగానికంటే ఎక్కువ సమయం కంపెనీ ఉద్యోగే అయి ఉండాలి. ఈ పథకాలకి కాంగ్రెస్ గడువు పెట్టి పొడిగిస్తూ ఉంటుంది. దరఖాస్తు రాయడానికి కూర్చునే ముందు అప్పటికి అవి నడుస్తున్నాయో లేదో చూసుకోండి. మంచి మధ్యవర్తి సంస్థ ప్రతిపాదన రాయడంలో సాయం చేస్తుంది, ఏ టాపిక్ నిజంగా ఎవరి అవసరమో చెబుతుంది. మీ కోసం సిఫారసు చేసే వీలు దానికి లేదు, చేయకూడదు కూడా.

ఇవతల ఇంకో తలుపు ఉంది, మీరు అడగలేదు గానీ చెబుతాను. మీ టెక్నాలజీని లోపలికి పంపడమే కాదు, ల్యాబ్ పేటెంటుని బయటికి తెచ్చుకోవడం కూడా ఈ సంస్థల పనే. మోంటానా స్టేట్ యూనివర్సిటీలోని టెక్‌లింక్ 1996లో మొదలైంది. 1999 నుంచి రక్షణశాఖ ల్యాబుల తరఫున అది ప్రధానంగా ఇదే చేస్తోంది. ల్యాబ్ పేటెంట్లు వెతికి పెడుతుంది, లైసెన్స్ దరఖాస్తుకి కావలసిన వ్యాపార ప్రణాళిక రాయడంలో సాయం చేస్తుంది, కంపెనీల దగ్గర ఫీజు తీసుకోదు. మీ సెన్సర్‌కి చుట్టూ ఉండే ప్యాకేజింగ్ సమస్యని ఏ ల్యాబ్ మనిషో పదేళ్ల కిందటే పరిష్కరించి పేటెంట్ చేసి ఉండొచ్చు. ఒక మధ్యాహ్నం కూర్చుని వెతకండి. మిమ్మల్ని మీరు అమ్ముకునే కంటే ల్యాబ్ పేటెంటుకి లైసెన్స్ అడగడంతో పరిచయం మొదలుపెడితే ఆ సైంటిస్టు మీతో ఎంత ఉత్సాహంగా మాట్లాడతాడో చూద్దురు. లైసెన్స్ రాయల్టీలో ఏటా మొదటి 2,000 డాలర్లు, ఆపై కనీసం 15 శాతం కనిపెట్టినవాళ్లకి వెళుతుంది మరి.

ఐడియా బయటికి పోవడం గురించి. మధ్యవర్తి దొంగిలిస్తాడని నేను ఎప్పుడూ చూడలేదు. నష్టం జరిగేది మీరే నోరు జారడం వల్ల. ఇరవైమంది ఉన్న గదిలో, గోప్యత ఒప్పందం (ఎన్‌డీఏ) లేకుండా చెప్పింది పబ్లిక్ డిస్‌క్లోజర్ కిందకి రావచ్చు. అమెరికాలో పేటెంట్ వేయడానికి ఒక ఏడాది వెసులుబాటు ఉంది. చాలా దేశాల్లో అది లేదు. మొదటి మీటింగుకి ముందే మీ టెక్ ట్రాన్స్‌ఫర్ ఆఫీసుకి చెప్పి ప్రొవిజనల్ పేటెంట్ దరఖాస్తు వేయించండి, దానికి పన్నెండు నెలల ఆయువు. ఆ తర్వాత కూడా సెన్సర్ ఏం చేస్తుందో చెప్పండి, ఎలా తయారుచేస్తారో చెప్పకండి. ఇంకో మాట, యూనివర్సిటీలో చేసిన పని మీద హక్కు యూనివర్సిటీదే అయి ఉంటుంది. మీ కంపెనీకి ఆ లైసెన్స్ ఉందా? లేకపోతే మీరు మీది కానిది చూపిస్తున్నట్టే, ల్యాబ్ లాయరు మొదటి రోజే పట్టుకుంటాడు.

నన్ను నిజంగా కలవరపెట్టేది ఎగుమతి నియంత్రణ. జెట్ ఇంజన్ల వేడి భాగాలకి సంబంధించిన టెక్నాలజీ, ఐటార్, ఈఏఆర్ అనే అమెరికా ఎగుమతి నియమాల్లో బాగా బిగించిన చోటు. యూనివర్సిటీలో మీరు స్వేచ్ఛగా పనిచేస్తున్నది "ఫండమెంటల్ రీసెర్చ్" అన్న మినహాయింపు నీడలో. 1985లో రీగన్ ప్రభుత్వం ఇచ్చిన ఎన్‌ఎస్‌డీడీ-189 ఆదేశం దానికి ఆధారం. ప్రచురించే ముందు మా అనుమతి కావాలి అనే షరతుకి మీరు ఒప్పుకున్న మరుక్షణం ఆ నీడ పోతుంది. పైగా ల్యాబ్ మీకు పంపిన నియంత్రిత డ్రాయింగుని ఎఫ్-1 వీసా మీదున్న మీ విద్యార్థి తెరిచి చూడటమే ఎగుమతి అవుతుంది, ఆ అబ్బాయి పక్క గదిలోనే కూర్చున్నా సరే. మధ్యవర్తి మనిషి ఇది మీకు చెప్పకపోవచ్చు, అతనికి మీ విద్యార్థుల వీసాలు తెలియవు. డ్రాయింగు రాకముందే మీ యూనివర్సిటీ ఎక్స్‌పోర్ట్ కంట్రోల్ ఆఫీసుని కలవండి. రక్షణ పనిని కంపెనీలో, ప్రచురించే పనిని యూనివర్సిటీలో, రెండు కంప్యూటర్లలో విడగొట్టుకున్నవాళ్లే నా అనుభవంలో నిలదొక్కుకున్నారు.

మీకు వచ్చిన పిలుపు అసలుదో కాదో తేల్చుకోవడం తేలిక. ఏ ల్యాబ్‌తో పీఐఏ ఉంది, అది ఎప్పటిదాకా అని మెయిల్‌లో అడగండి. ల్యాబ్‌లో ఓర్టా అనే టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసు ఉంటుంది, అక్కడ ఒక్క ప్రశ్నతో నిర్ధారణ అయిపోతుంది. అసలు సంస్థ ఇలా అడిగినందుకు నొచ్చుకోదు. "కాంట్రాక్టు ఇప్పిస్తాం, వచ్చినదాంట్లో ఇంత శాతం మాకివ్వండి" అన్నారంటే వాళ్లు ఈ బాపతు కాదు. ఫెడరల్ కాంట్రాక్టుల్లో అలాంటి కమీషన్లకి వ్యతిరేకంగా ప్రత్యేక నిబంధనే ఉంది, ఇబ్బంది మీ మెడకి చుట్టుకుంటుంది.

ఒక్కటి మాత్రం మీరు రాయలేదు: కంపెనీలో ఎవరి వాటా ఎంత, మీ ఇద్దరిలో గ్రీన్‌కార్డు ఎవరికి ఉంది? ఎస్‌బీఐఆర్, ఎస్‌టీటీఆర్‌కి సగానికి మించిన వాటా పౌరులదో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లదో అయి ఉండాలి. ఐటార్ లెక్కలో గ్రీన్‌కార్డు ఉన్న మనిషి అమెరికా పౌరుడితో సమానం, హెచ్-1బీ మీదున్న మనిషి కాదు. అది చెప్పండి, దాన్నిబట్టి క్రాడాతో మొదలుపెట్టాలో ఎస్‌టీటీఆర్‌కి నేరుగా వెళ్లాలో రాస్తాను.